కపిల, ఇంజను, పని లెక్క



ఇంగ్లండులోని డోర్సెట్‌లో 1969లో మొదలైన ఆవిరి యంత్రాల జాతర గురించి చదివిన వ్యవసాయ విద్యార్థికి, చిత్తూరు ప్రాంతంలో అటువంటి ప్రదర్శన పెడితే అందులో ఏమేమి నిలపాలన్న ప్రశ్న కలగడం సహజం. అక్కడ ట్రాక్షన్ ఇంజన్లు, అనగా తమ చక్రాలపై తామే కదలివచ్చి బెల్టుతో నూర్పిడి యంత్రాలను తిప్పే ఆవిరి బండ్లు, వాటి పక్కనే నాగలి లాగే భారీ గుర్రాలు జనం ముందు పని చేసి చూపేవి. చిత్తూరు సీమలో ఈ రెండూ సేద్యానికి దూరంగానే ఉండిపోయాయి. ఆవిరి రేణిగుంట మీదుగా రైలును లాగింది గాని మడిలోకి దిగలేదు, గుర్రం తిరుపతి వీధుల్లో జట్కాకు కట్టుబడింది గాని కాడి కిందికి రాలేదు.

దీనికి కారణాలు నేలలోనూ మేతలోనూ ఉన్నాయి. ఎద్దుకు మూపురం ఉన్నందువల్ల ఒక కొయ్య కాడి దాని ముందు నిలిచి బరువును పట్టుకొంటుంది. గుర్రానికి ఆ ఆనిక లేదు కాబట్టి భుజాలకు సరిపడే ప్రత్యేకమైన మెడపట్టీ కుట్టించాలి, పైగా కష్టపడే గుర్రానికి గింజ మేత కావాలి, ఎద్దు వరిగడ్డితోనూ చొప్పతోనూ చాలావరకు సరిపెట్టుకొంటుంది. ఆవిరి దుక్కికి 1858లో ఇంగ్లండు రాయల్ వ్యవసాయ సంఘం బహుమతి పొందిన జాన్ ఫౌలర్ మార్గం, తరువాతి కాలంలో పొలానికి రెండు అంచులలో రెండు ఇంజన్లు నిలిపి ఇనుప తాడుతో నాగళ్లను ఇటూ అటూ లాగే పద్ధతిగా స్థిరపడింది. చెరువు కింద చిన్న మడులు, మిట్టన రాళ్ల చేలు ఉన్న చోట, అందునా బొగ్గు దొరకని చోట, అంత బరువైన యంత్రానికి తిరిగే వీలే ఉండదు.

కాబట్టి ఇక్కడి ప్రదర్శనలో ముందుగా నిలవవలసినది కపిల. బావి నుంచి ఎద్దులతో నీరు తోడే ఈ ఏర్పాటులో తోలుతో గాని ఇనుప రేకుతో గాని చేసిన బాన ఉంటుంది. దాని అడుగున ఏనుగు తొండంలా వేలాడే తోలుగొట్టాన్ని తొండమనే అంటారు. బానకు కట్టిన లావు తాడు, అనగా మోకు, పైనున్న గిలక మీదుగాను, తొండం మూతికి కట్టిన సన్నతాడు ఒడ్డున అడ్డంగా ఉన్న దొర్లుడు కొయ్య మీదుగాను వచ్చి, రెండూ కాడికే కలుస్తాయి. బాన పైకి లేచేంతసేపు తొండం మడిచి మూతి పైకే ఉంటుంది. బాన ఒడ్డు దాటినప్పుడు సన్నతాడు మూతిని తొట్టివైపు లాగుతుంది, నీరు తనంతట తానే కుమ్మరించుకొంటుంది. ఎద్దులు నడిచే దారి బావి లోతుకు తగిన పొడవుతో పల్లానికి వాలి ఉంటుంది. దిగేటప్పుడు వాటి ఒంటి బరువూ తోలేవాడు మోకు మీద కూర్చున్న బరువూ లాగుడుకు తోడవుతాయి, తరువాత జత వెనక్కు నడుస్తూ మెరక ఎక్కుతుంది. మనిషి చెయ్యి ముట్టకుండా తనకు తానే నీళ్లు పోసే ఈ నేర్పును మొరటు పనిముట్టుగా చూడడం చదువుకున్నవారి తొందరపాటు మాత్రమే.

ఇక లెక్క. మోటారు పలకపై కనిపించే హెచ్.పి., అనగా అశ్వసామర్థ్యం, జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాన్ని గుర్రంతో పోల్చి చెప్పడానికి స్థిరపరచిన కొలత. నిమిషానికి 33,000 పౌండ్ల బరువును ఒక అడుగు ఎత్తడం, ఇంచుమించు సెకనుకు 76 కిలోలను ఒక మీటరు ఎత్తడం దాని విలువ. ఉదాహరణకు 150 లీటర్ల బాన 10 మీటర్ల లోతు నుంచి నిమిషానికి ఒకసారి వస్తే, సెకనుకు 25 కిలోలు ఒక మీటరు లేచినట్టు. అంటే సుమారు మూడోవంతు హెచ్.పి. ఈ లెక్కన 5 హెచ్.పి. మోటారు పదిహేను జతల ఎద్దుల పనికి సమానం. అయితే ఎద్దులు అలసి ఆగేసరికి బావిలో ఊట మళ్లీ చేరేది. ఇంజనుకు అలసట లేదు.

ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ బావులకు ఆయిల్ ఇంజన్లు, పంపులు అమర్చే ప్రయత్నాన్ని ప్రోత్సహించాడు. ఆ దారిలోనే క్రమంగా ఇంజన్లు, పిదప కరెంటు మోటార్లు వచ్చి కపిల దారులు పూడిపోయాయి. ఆపైన తవ్వుడు బావులు ఎండి, వెయ్యి అడుగుల బోర్ల కాలం వచ్చింది. చెరకు గానుగ చుట్టూ తిరిగిన ఎద్దులకూ ఇంజనే సెలవిచ్చింది, బెల్లం వండే పెనం కింద మాత్రం ఎండిన చెరకు పిప్పి నేటికీ మండుతోంది.

పశువుల ప్రదర్శన అనగానే చంద్రగిరి మండలం ఎ.రంగంపేటలో కనుమనాడు కొమ్ములకు పలకలు కట్టి వదిలే పశువులే చాలామందికి గుర్తుకు వస్తాయి. ఆ పండుగకు దాని గౌరవం దానికి ఉన్నది, కాని అక్కడ మెప్పు పొందేది పట్టుకు చిక్కని పశువు. కపిలకు కావలసినది మాట విని వెనక్కు నడిచే జత. పలమనేరు పశు పరిశోధన స్థానం పుంగనూరు ఆవు జాతిని కాపాడుతున్నది గాని, తోలేవాడి కేకకు అడుగు వెనక్కు వేసే అలవాటును జాతితోపాటు దాచిపెట్టడం ఎవరికీ సాధ్యం కాదు.

కాబట్టి, నాయనా, ప్రదర్శన పెట్టే ఆలోచన ఉన్నవారు కపిలను అద్దాల గదిలో పెట్టక, నీళ్లున్న బావిపై ఎక్కించి, పక్కనే ఒక పాత ఆయిల్ ఇంజనును నడిపి, రెండింటి నీటినీ తొట్టిలో కొలిచి చూపాలి. అంతకుముందు ఊళ్లలో మిగిలిన కపిల తోలిన వృద్ధులను కలిసి, మోకు ముడినీ, దారి వాలునూ, ఎద్దులను పిలిచే మాటనూ కొలతలతో సహా ఈ సెలవుల్లోనే రాసుకోవాలి.