జౌగడ బండమీద లేని మాట

బరంపురంలో స్థిరపడి రెండు మూడు తరములైనను, చుట్టుప్రక్కల కోటలను చూడనివారు మనలో అనేకులున్నారు. ఇది ఒక్కరోజు ప్రయాణము. ఉదయమే బయలుదేరి ఛత్రపురం మీదుగా గంజాం చూచి, తరువాత పురుషోత్తమపురం వైపు తిరిగి జౌగడ చూడవచ్చును. యౌవనస్థులను, సండేస్కూలు పిల్లలను తీసికొనివెళ్లువారి కొరకు ఈ పాఠము వ్రాయుచున్నాము.

1. గంజాం కోట

రుషికుల్య నది సముద్రములో కలియు చోటికి దగ్గరలో పోటగడ కోట యున్నది. 1766లో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి దక్కిన తరువాత, 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫోర్డ్ అను అధికారి దీనిని నక్షత్రాకారముగా కట్టించెను. అప్పుడు జిల్లాకు గంజామే ముఖ్యపట్టణము. 1815లో అక్కడ విషజ్వరము వ్యాపించి అనేకులు చనిపోగా, కచేరీలు బరంపురమునకు తరలిపోయెను. శత్రువును ఆపుటకు కట్టిన గోడలు జ్వరమును ఆపలేకపోయినవి.

2. జౌగడ బండ

అదే నదికి ఎగువన జౌగడ యున్నది. మట్టి ప్రాకారముల మధ్య ఒకప్పుడు సమాపా అను పట్టణముండెను. క్రీ.పూ. 3వ శతాబ్దములో అశోకుడు అక్కడి బండమీద తన శాసనములు చెక్కించెను. 1850లో వాల్టర్ ఎలియట్ దొర వీటికి నకలు తీయించెను. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. మన తెలుగు అక్షరములును, మన పొరుగువారి ఒడియా అక్షరములును ఆ బ్రాహ్మి నుండి పుట్టినవే అని పిల్లలకు చెప్పవలెను.

3. లేని మాట

అశోకుని పెద్ద శాసనములు 14. జౌగడలో 11, 12, 13 శాసనములు లేవు. 13వ దానిలోనే కళింగ యుద్ధమును గూర్చిన అతని దుఃఖమున్నది: లక్షమంది హతులైరి, లక్షన్నర మంది చెరపట్టబడిరి, అందుకు చింతించుచున్నానని చెప్పెను. ఆ మాట కర్నూలు జిల్లా ఎర్రగుడి బండమీద ఉన్నది. దెబ్బతిన్న కళింగులకు మాత్రము ధౌళిలోను, జౌగడలోను చూపబడలేదు.

వాటికి బదులు ఇక్కడ రెండు ప్రత్యేక శాసనములున్నవి. ప్రజలందరు నా బిడ్డలవంటివారు, ఎవరిని అన్యాయముగా బంధింపకుడి, హింసింపకుడి, కోపమును, తొందరపాటును, సోమరితనమును విడువుడి అని సమాపా అధికారులకు ఆజ్ఞాపించెను. పండుగ దినములలో దానిని చదివి వినిపింపవలెనని కూడ చెప్పెను.

4. మనకు పాఠము

దూరపువారియెదుట దుఃఖపడుట సులభము. గాయపడినవాని ముఖము చూచి తప్పు ఒప్పుకొనుట కష్టము. అశోకుడు ఆ కష్టమైన మాట ఇక్కడ చెప్పలేదు. అయినను ఇకమీదట అన్యాయము జరుగకుండునట్లు కట్టడ చేసెను. అది కొట్టివేయదగినది కాదు. జక్కయ్య అయితే అందరియెదుట నిలువబడి, అన్యాయముగా తీసికొన్నది నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను. మాటయు క్రియయు కలిసినప్పుడే పశ్చాత్తాపము పూర్ణమగును.

మన ఇండ్లలో అన్నదమ్ముల మధ్య, సంఘములో పెద్దల మధ్య ఏండ్ల తరబడి మాటలు లేనివారున్నారు. ప్రార్థనలో కన్నీరు కార్చుచున్నాము గాని, ఎదుటివాని గుమ్మము త్రొక్కుట లేదు.

చర్చించుటకు ప్రశ్నలు

1. క్షమాపణ మాట లేక మంచి పాలన మాత్రమే చాలునా?
2. మనము తప్పు ఒప్పుకొనవలసిన మనిషి ఎవరు? ఆ మాట ఇప్పటివరకు ఎవరెవరికి చెప్పుకొంటిమి?
3. ఈ వారము ఎవరి గుమ్మమునకు వెళ్లుదము?