మాత్ర పనిచేసే వేళలు

చిరంజీవి చిన్నకు,

"ఈ మాత్రలు మొదలెట్టాక నేను నవ్వడం మానేశానని అమ్మ అంటోంది, ఇక జీవితమంతా ఇలాగే ఉండిపోతానా?" అని ఫోన్లో అడిగావు. నీ గొంతులో భయం విన్నాను కాబట్టే తీరిగ్గా రాస్తున్నాను. ఏళ్ల తరబడి మందుల షాపు నడిపినవాడిగా నాకు తెలిసింది చెబుతాను. డోసు మార్చేది మాత్రం మీ డాక్టరుగారే.

శ్రద్ధ నిలవని ఏడీహెచ్‌డీ సమస్యకు నువ్వు వేసుకునే మిథైల్‌ఫెనిడేట్‌ను 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో తయారుచేశారు. మామూలు మాత్ర సుమారు 4 గంటలు పనిచేస్తుంది, నెమ్మదిగా కరిగే రకం 8 నుంచి 12 గంటలు. ఒంట్లో రోజుల తరబడి పేరుకునే మందు కాదు. అందుకే ముందు గడియారం చూడు. మాత్ర పనిచేసే వేళల్లోనే ముభావంగా, దేనిమీదా సరదా లేకుండా ఉంటున్నావా? డోసు ఎక్కువై ఉండొచ్చు. పొద్దంతా బాగానే ఉండి, సాయంత్రం చెల్లెలి మీద విరుచుకుపడుతున్నావా? అది మందు దిగిపోయే వేళ వచ్చే చిరాకు కావచ్చు. పైగా ఆకలి లేదని మధ్యాహ్నం అన్నం వదిలేస్తున్నావట. పొద్దున మాత్రకు ముందే కడుపునిండా తిను. ముభావానికైనా, సాయంత్రం చిరాకుకైనా డాక్టరుగారు డోసు గానీ, మందు గానీ, వేళ గానీ మారుస్తారు. మందు ప్రభావం లేని వేళల్లో కూడా దిగులు వదలకపోతే దాన్ని విడిగా చూపించుకోవాలి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో మందు వాడినా వాడకపోయినా దిగులు, ఆందోళన ఎక్కువే.

శాశ్వతంగా ఏం మిగులుతుందన్నది నీ అసలు ప్రశ్న. ఉత్తర అమెరికాలో 579 మంది పిల్లలతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 1999లో వచ్చిన తొలి ఫలితాల్లో, 14 నెలలకు, మందు లేని చికిత్సకంటే మందు బాగా పనిచేసినట్టు తేలింది. మూడేళ్లకు ఆ ఆధిక్యం కనబడలేదు. పెద్దయ్యాక చూస్తే, బాగా వాడినవాళ్లు అంతగా వాడనివాళ్లకంటే సుమారు రెండున్నర సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారు. కాబట్టి ఎత్తు, బరువు కొలిపించుకుంటూ ఉండు. స్వభావమే మారిపోతుందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. అలాగని ఈ మాత్రే జీవితాన్ని చక్కబెడుతుందని కూడా అనుకోకు. నిద్ర, ఆట, చదువుకునే పద్ధతి నువ్వు కుదుర్చుకోవాల్సినవే.

ఒక్క విషయంలో ఆలస్యం వద్దు. ఎవరూ లేకుండానే మాటలు వినిపించినా, అందరూ నీమీద కుట్ర పన్నుతున్నారనిపించినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా అప్పటికప్పుడు అమ్మకు చెప్పు. అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. రేపు నిన్ను ఏడీహెచ్‌డీకే వాడే మరో మందు, అటామాక్సిటిన్‌కి మారిస్తే ఇంకా కనిపెట్టుకుని ఉండాలి. పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనల గురించి 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిమీద హెచ్చరిక పెట్టించింది.

హాస్టల్లో పరీక్షలప్పుడు ఎవరైనా ఒక మాత్ర ఇమ్మని అడుగుతారు. ఇవ్వకు. వాళ్ల గుండె పరిస్థితి నీకు తెలియదు, పైగా ఇది మాదకద్రవ్యాల చట్టం కింద నియంత్రణలో ఉన్న మందు.

నీ అంతట నువ్వే మాత్ర ఆపెయ్యొద్దు. మాత్ర వేసుకున్న వేళ, తిన్నది, నిద్ర, కోపం వచ్చిన సమయం ఓ నోట్‌బుక్‌లో రాసి, ఈసారి డాక్టరుగారితో నువ్వే మాట్లాడు. నవ్వు రావడం లేదన్న సంగతి కూడా చెప్పు. అదేమీ చిన్న విషయం కాదు.

మీ మామయ్య