కారు కిందికి దూరే ముందు

మన క్లబ్బు పత్రికకి ఏదన్నా రాయమని తమ్ముడు మూడోసారి మెసేజ్ పెట్టాక ఇక తప్పలేదు. కవిత్వం నా వల్ల కాదని హాస్టల్ రోజుల్లోనే తేలిపోయింది. అందుకని ఈ ఏడాది నేను నిజంగా బుర్ర పెట్టి చదివిన ఒకే ఒక్క విషయం గురించి రాస్తున్నాను: ఇంట్లో వాడుకునే పోర్టబుల్ కారు లిఫ్టు. మెకానికల్ వాళ్ళకి ఇందులో లెక్కలున్నాయి, సివిల్ వాళ్ళకి గచ్చు ఉంది. మిగతా బ్రాంచీల వాళ్ళు కథలా చదువుకోండి.

నేనుండేది డాలస్ పక్కన, అద్దె ఇంట్లో. రెండేళ్ళ కింద చాలాకాలపు కోరిక తీర్చుకుని 2002 మోడల్ కార్వెట్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇది ఐదో తరం కార్వెట్, 1997 నుంచి 2004 దాకా వచ్చింది. ఇంజను ముందు, గేరుబాక్సు వెనక చక్రాల దగ్గర. అలా పంచబట్టే బరువు ముందూ వెనకా ఇంచుమించు సగం సగం పడుతుంది. మొత్తం దాదాపు 1,450 కిలోలు. బాడీ అంతా ఫైబర్, కింద స్టీల్ ఫ్రేము. ఎత్తు సంగతి చెప్పక్కర్లేదు, కూర్చుంటే నేలమీద చాప వేసుకుని కూర్చున్నట్టే. ఇంకో విశేషం, ఈ కారుతో కంపెనీ వాళ్ళు జాకీ ఇవ్వలేదు, స్టెప్నీ కూడా లేదు. గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు వేసి చేతులు దులుపుకున్నారు.

మొదటిసారి ఆయిల్ మార్చడానికి మామూలు చక్రాల జాకీ కొని డ్రైవ్‌వేలో పక్కనుంచి ఎత్తాను. జాకీ చేయి పైకి లేస్తూ వృత్తంలో తిరుగుతుంది కదా, దాంతోపాటు జాకీ చక్రాలు కూడా కొంచెం దొర్లాలి. నా జాకీ చక్రం సిమెంటు పలకల మధ్య సందులో ఇరుక్కుంది. దొర్లాల్సింది దొర్లలేదు, కారు జారింది. పక్క ఫైబరు పటుక్కుమని విరిగిన శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది. నేను అప్పటికింకా కిందికి దూరలేదు. పానా తెచ్చుకోవడానికి లేచాను, అంతే.

ఆ రాత్రి విజయవాడలో ఉన్న మావయ్యకి ఫోన్ చేశాను. ఆయనకి ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు షెడ్డు ఉండేది. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. అవి ఎలా పోయాయో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ రోజు మాత్రం తనే చెప్పాడు. జాకీ మీదున్న అంబాసిడర్, "ఒక్క నిమిషం పనే కదా" అనుకుని చెక్క దిమ్మె పెట్టకుండా చెయ్యి పెట్టాడట.

"ఒరేయ్ అల్లుడూ, జాకీ ఎత్తడానికిరా, మొయ్యడానికి కాదు. ఎత్తేది వేరే, మోసేది వేరే. నువ్వు కొనే దాంట్లో మోసేది ఏదో ముందు చూపించు."

నేను అప్పటిదాకా చూస్తున్నది లిఫ్టు ఎన్ని కిలోలు ఎత్తుతుంది, ఎంత ఎత్తుకి, ఎన్ని సెకన్లలో అని. మావయ్య ప్రశ్నతో లెక్క మళ్ళీ మొదటికొచ్చింది.

ర్యాంపుల సంగతి ముందు చెప్పేస్తాను, అది తేలిగ్గా పోయింది. ముందు చక్రానికీ బంపరు చివరకీ మధ్య ఒక మీటరు ఉందనుకోండి, బంపరు కింద ఖాళీ 10 సెంటీమీటర్లు. బంపరు తగలకుండా ఎక్కాలంటే ర్యాంపు వాలు ఆరు డిగ్రీలు దాటకూడదు. ఆ వాలుతో 20 సెంటీమీటర్లు ఎక్కాలంటే ర్యాంపు రెండు మీటర్ల దాకా పొడుగుండాలి. అంత చేసీ ముందు చక్రాలే లేస్తాయి, చక్రం విప్పే పని ఉంటే దండగ.

జాక్ స్టాండ్లు చవక. మోసే పని అవి బాగానే చేస్తాయి, మంచివైతే. 2020లో ఇక్కడ ఒక పెద్ద టూల్స్ షాపుల సంస్థ తను అమ్మిన స్టాండ్లలో పళ్ళు సరిగా పట్టడం లేదని లక్షల్లో వెనక్కి పిలిపించింది. కానీ నా ఇబ్బంది అది కాదు. ఒక్కో మూలా ఎత్తుతూ నాలుగు స్టాండ్లు పెట్టేలోపు కారు నాలుగుసార్లు వంకరగా నిలబడుతుంది. నేను ఇప్పటికే చూసిన సినిమా అది.

రెండు స్తంభాల లిఫ్టుల్లో పని అయ్యాక విప్పి గోడవారగా పెట్టుకునే రకం ఉంది. చూడగానే మనసు పడ్డాను. వీడియో కాల్‌లో మావయ్యకి చూపిస్తే ఆయన కారు వైపు చూడనే లేదు. "గచ్చు ఎలాంటిది?" అన్నాడు. ఫోన్ కిందికి తిప్పాను. అప్పుడు కనబడింది, గరాజ్ తలుపు దగ్గర సిమెంటులో అచ్చు వేసిన అక్షరాలు: ఇది పోస్ట్ టెన్షన్ స్లాబు, కొయ్యకూడదు, బెజ్జాలు వెయ్యకూడదు. ఏడాదిగా దాని మీదే కారు ఆపుతున్నాను, ఒక్కసారీ చదవలేదు.

సివిల్ వాళ్ళకి ఇది కొత్త కాదు. బ్రిడ్జి గర్డర్లలో ఉక్కు కేబుళ్ళు లాగి బిగించినట్టు, ఇక్కడ ఇంటి పునాది గచ్చులోనే కేబుళ్ళు వేసి, కాంక్రీటు గట్టిపడ్డాక జాకీలతో లాగి చివర్లు బిగిస్తారు. కారణం మట్టి. డాలస్ కింద ఉన్నది మన నల్లరేగడి లాంటిదే. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. ఆ కదలికకి గచ్చు పగలకుండా దాన్ని ముందే నొక్కి ఉంచుతారు. అలాంటి చోట స్తంభానికి బోల్టు వేద్దామని డ్రిల్లు పెడితే, బిగిసి ఉన్న కేబులు తెగిందంటే గచ్చుకీ మనకీ ఇద్దరికీ ప్రమాదమే. పైగా ఇల్లు నాది కాదు. స్తంభాలు అక్కడితో ఆగిపోయాయి.

మిగిలినవి రెండు. ఒకటి మధ్యలో కత్తెరలా లేచే లిఫ్టు. కారు మధ్య భాగమంతా దాని కిందే పోతుంది. నా కారులో ఇంజను నుంచి వెనక గేరుబాక్సుకి పోయే గొట్టం సరిగ్గా అక్కడే ఉంటుంది కాబట్టి నాకు పనికిరాదు. రెండోది క్విక్‌జాక్ లాంటి జంట ఫ్రేములు. రెండు సన్నటి స్టీల్ ఫ్రేముల్ని చెరో పక్కా కారు కిందికి తోస్తాం. పడుకుని ఉన్నప్పుడు ఎత్తు మూడంగుళాలు. బయట ఒక చిన్న మోటారు, నూనె గొట్టాలు. లేస్తే ఇంచుమించు రెండడుగులు. మధ్య అంతా ఖాళీ.

ఇక్కడ ఒక లెక్క. ఫస్ట్ ఇయర్ మెకానిక్స్‌లో వర్చువల్ వర్క్ చాప్టర్ గుర్తుందా? అందరం చాయిస్‌లో వదిలేసేవాళ్ళం. వాలుగా ఉన్న చేతుల మీద బరువు పెట్టి, ఆ చేతుల కొసని అడ్డంగా నెట్టి లేపాలంటే, కావలసిన బలం బరువుని టాన్ థీటాతో భాగిస్తే వస్తుంది. చేతులు 45 డిగ్రీల్లో ఉంటే బరువెంతో బలం అంతే. 10 డిగ్రీల్లో ఉంటే ఐదున్నర రెట్లు పైనే. ఒక్కో ఫ్రేము మీద 725 కిలోలు పడితే, 10 డిగ్రీల దగ్గర నాలుగు టన్నుల బలం! నిజం లిఫ్టుల్లో సిలిండరు అడ్డంగా కాక కొంచెం నయమైన కోణంలో బిగిస్తారు కాబట్టి అంత పడదు. కానీ సంగతి అదే: లిఫ్టు ఎంత పలచగా ఉంటే మొదటి అంగుళం అంత కష్టం. ఎంత ఎత్తులో అయినా కారు బరువు అదే, మొదట్లోనే గొట్టాలూ సీళ్ళూ ఎక్కువ ఒత్తిడి చూస్తాయి.

ఇంకోటి, ఈ ఫ్రేము లేచేది నిటారుగా కాదు, చాపంలా. 60 సెంటీమీటర్ల చేయి 5 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకి లేస్తే ఎత్తు 41 సెంటీమీటర్లు వస్తుంది, కారు ముందుకో వెనక్కో 21 సెంటీమీటర్లు జరుగుతుంది. గోడకి అంటించి పెట్టి ఎత్తితే బంపరు గోడకి చెప్పుకుంటుంది.

మోసేది ఏదంటే, ఫ్రేములో ఉన్న స్టీలు తాళం. నూనె ఒత్తిడి ఎత్తుతుంది. పైకి లేచాక తాళం గాడిలో పడి, కారుని ఆ తాళం మీదికి కొంచెం దించాలి. ఆ తర్వాత గొట్టం ఊడినా కారు కదలదు. మావయ్య అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది. ఇలాంటి పోర్టబుల్ సామానుకి ఏఎస్ఎమ్ఈ వాళ్ళ 'పేస్' అనే ప్రమాణం ఉంది, కొనేటప్పుడు అది పాటించారో లేదో అడిగాను. నేను తీసుకున్నది 5,000 పౌన్ల రకం, అంటే 2,268 కిలోలు. నా కారుకి ఒకటిన్నర రెట్లు పైనే.

కొలతల్లో నేను దాదాపు తప్పు చేసిన చోటు ఒకటుంది. మూడంగుళాల ఫ్రేము దూరితే చాలనుకున్నాను. కానీ ఫ్రేము మీద రబ్బరు దిమ్మె కూడా పెట్టాలి, అది కూడా దూరాలి. ఫ్రేము పొడవు కూడా చూడాలి. కార్వెట్‌కి ఎత్తాల్సిన చోట్లు నాలుగే: ముందు చక్రాల వెనకా, వెనక చక్రాల ముందూ ఉన్న ఫ్రేము గాళ్ళు. రబ్బరు దిమ్మెలు అంతదూరం అందుకోలేకపోతే బరువు ఫైబరు మీద పడి మళ్ళీ పటుక్కు. కాబట్టి టేపు పట్టుకుని కారు పక్కన పడుకోండి, బ్రోషరు తర్వాత చదవండి.

మోసే బరువు ఎప్పుడూ ఒకేచోట ఉండదు కూడా. వెనక గేరుబాక్సు విప్పి దించారనుకోండి. లెక్క కోసం 120 కిలోలు అనుకుందాం. ముందు వెనక చక్రాల మధ్య దూరం 2,654 మిల్లీమీటర్లు, గరిమనాభి సరిగ్గా నడుమ ఉందనుకుంటే అది 12 సెంటీమీటర్లు ముందుకి జరుగుతుంది. ఆయిల్ మార్చేవాడికి దీంతో పని లేదు. గేరుబాక్సు దించేవాడు ముందే లెక్క వేసుకుని, కారు ముక్కు కింద స్టాండు పెట్టుకోవాలి.

డబ్బు వెయ్యి డాలర్లు దాటింది. మా ఆవిడ "షాపులో ఆయిల్ మార్పించుకుంటే ఎన్నేళ్ళు వస్తుంది?" అని అడిగింది. ఆ లెక్క నేను ఇంకా వెయ్యలేదు.

పెట్టె వచ్చిన శనివారం సిలిండర్లలో గాలి తియ్యడానికే పొద్దుపోయింది. గాలి ఉంటే ఒక ఫ్రేము ముందు, ఒకటి వెనక లేస్తుంది. ఖాళీగా నాలుగైదుసార్లు ఎత్తి దించాక రెండూ సమంగా వచ్చాయి. అప్పుడు కారు. మావయ్యకి అక్కడ ఆదివారం తెల్లవారుజాము, టీ గ్లాసుతో ఫోన్ ముందు కూర్చున్నాడు. అడుగు లేవగానే ఆపించి, ముందు నుంచీ పక్క నుంచీ ఊపి చూడమన్నాడు. కదల్లేదు. పూర్తిగా ఎత్తాక, "తాళం పడ్డ చప్పుడు నాకు వినబడలా. మళ్ళీ దించి ఎత్తు, ఫోన్ దగ్గర పెట్టు" అన్నాడు.

మళ్ళీ ఎత్తాను. రెండు పక్కలా టక్కు, టక్కు. కారుని తాళాల మీదికి దించాను. విప్పిన ముందు చక్రాలు రెండూ ఫ్రేము పక్కన అడ్డంగా పడేసి, అట్టముక్క పరుచుకుని వెల్లకిలా పడుకున్నాను.

"చక్రాలు కింద పెట్టావా?"

"పెట్టాను మావయ్యా."

"అయితే దూరు."