పేరు లేని కథకులు



ఒక కథను చదివి ముగించిన పిమ్మట కథానాయకుని పేరు మనకు జ్ఞాపకముండును. వ్రాసినవారి పేరును తరచుగా మఱచిపోవుదుము. కొన్ని కథలకు వ్రాసినవారి పేరే ఉండదు. మఱికొన్నింటికి ఉన్న పేరు కల్పితము. బాలబాలికల కొఱకు ఏండ్ల తరబడి సాగు కథామాలికలలో ఈ ఆచారము విశేషముగా కానవచ్చును. చట్రము ఒకటే, నాయకుడు ఒకడే. వ్రాయు చేతులు మాత్రము అనేకములు. ఈ ఆచారము న్యాయమైనదా కాదా యని మేమిచ్చట విచారింపబూనితిమి.

మనకు మిక్కిలి పరిచితమైన ఉదాహరణము బేతాళ కథలు. శ్రీ బి. నాగిరెడ్డి, శ్రీ చక్రపాణి గారలు 1947 జూలైలో మద్రాసునుండి 'చందమామ'ను తెలుగునను అరవమునను ప్రారంభించిరి. పిమ్మట అది పదింటికి మించిన భాషలలో వెలువడెను. 11వ శతాబ్దమున సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరమందు బేతాళుడు చెప్పిన కథలు ఇరువదియైదు ప్రాంతము మాత్రమే. చందమామవారు ఆ చట్రమును గ్రహించి, అందు వందలకొలది క్రొత్త కథలనమర్చిరి. శవమును మోయు రాజు, శవములోని బేతాళుడు, కథాంతమున ధర్మసందేహము, రాజు సమాధానము, మౌనభంగము: ఇవి మాఱవు, నడుమనున్న కథయే మాఱును. శ్రీ కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 మొదలు 1980లో మరణించువఱకు ఆ పత్రికలో పనిచేసి, ఇతరుల కథలను తిద్ది, ఒకే సరళమైన శైలికి తెచ్చిరి. తామును మాఱుపేర్లతో వ్రాసిరి. కావుననే పలువురు వ్రాసినను ఒక్కరే వ్రాసినట్లు తోచును.

ఆ కార్యాలయముననే 1952లో చేరిన మఱియొకరు శ్రీ దాసరి సుబ్రహ్మణ్యము గారు. 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'పాతాళదుర్గము' మొదలగు ధారావాహికలు వారు వ్రాసినవే. పిల్లలు ఆ మాంత్రికులను, రాక్షసులను తలచుకొని రాత్రులు వణకిరి. తరువాతి సంచికకై నెల దినములు లెక్కించిరి. కాని అచ్చులో ఆయన పేరు లేదు. 2006 వఱకు అచ్చటనే పనిచేసి, 2010లో ఆయన మరణించిరి. నేడు ఆ పత్రిక వెలువడుటలేదు. ఆ కథలు మాత్రము గ్రంథరూపమున ఆయన పేరుతో లభించుచున్నవి.

ఈ ఆచారము మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో ఎడ్వర్డ్ స్ట్రాటిమేయర్ అను ప్రచురణ వ్యాపారి కథాసంగ్రహమును తాను కల్పించి, కూలికి వ్రాయువారిచే గ్రంథములు వ్రాయించెడివాడు. 1930లో 'నాన్సీ డ్రూ' అను బాలికాపరిశోధకురాలి కథలు కెరొలిన్ కీన్ అను పేరుతో వెలువడినవి. అట్టి వ్యక్తి లేనేలేదు. మొదటి ముప్పది గ్రంథములలో ఇరువదిమూడింటిని వ్రాసినది మిల్‌డ్రెడ్ వర్ట్ అను యువతి. తొలి గ్రంథములకు ఆమెకు దక్కినది ఒక్కొక్కదానికి 125 డాలర్లు. లాభములలో పాలు లేదు, తన పేరు చెప్పుకొను హక్కును లేదు. 1980లో ఒక వ్యాజ్యమునందు ఆమె సాక్ష్యము చెప్పిన పిదపగాని లోకము ఆమెను చక్కగా ఎఱుగదు.

ఇక న్యాయవిచారము. పేరు దాచుట తనంతట తప్పు కాదు. హెబ్రీయులకు వ్రాయబడిన పత్రికపై వ్రాసినవారి పేరు లేదు. అయినను దానివలన సంఘమునకు కలుగు మేలు తఱుగలేదు. పేరు లేనప్పుడు బాలుని దృష్టి కథపైననే నిలుచును. వ్రాయువానికి అహంకారము తగ్గును. అయితే తాను కోరి పేరు విడుచుట వేఱు, యజమాని పేరును తీసివేయుట వేఱు. మొదటిది వినయము, రెండవదానిలో అన్యాయమునకు చోటున్నది. మన కోనసీమలో కొబ్బరిపీచును నానబెట్టి, దంచి, పురిపెట్టి త్రాడు చేయు స్త్రీల పేర్లు త్రాటిమీద ఉండవు. పడవ ఆ త్రాటిని నమ్మి రేవున నిలుచును. పేరు లేదని వారి కూలిని తగ్గింపవచ్చునా? పనివాడు తన జీతమునకు పాత్రుడని మన ప్రభువే సెలవిచ్చెను గదా! జీతముతోపాటు, కోరినవారికి గుర్తింపును చెల్లింపవలసిన ఋణమేయని మా అభిప్రాయము.

విద్యార్థులారా! మీ వ్యాసములకు మీ పేరు వ్రాయుడు. ఇతరులు వ్రాసిన దానికి మీ పేరు తగిలింపకుడు. తలిదండ్రులారా! మీ అటకమీద పాత చందమామలున్నయెడల వానిని దించి బిడ్డలచే చదివింపుడు. చదివిన పిదప, దీనిని వ్రాసినదెవరని ఒక్కమాఱు అడుగుడు. ఆ ప్రశ్నయే కృతజ్ఞతకు మొదటి మెట్టు.

అభ్యాసము

1. బేతాళ కథల చట్రములో మాఱనివి ఏవి? మాఱునది ఏది?
2. దాసరి వారికిని మిల్‌డ్రెడ్ వర్ట్‌కును గల పోలికను తెల్పుడు.
3. పేరు విడుచుటకును పేరు పోగొట్టుకొనుటకును గల భేదమును మీ యూరి పనివారినుండి ఒక ఉదాహరణముతో వివరింపుడు.