కథ చెప్పు జంగముడు: కాయకమా, యాచనయా?

వీరశైవ సిద్ధాంతములో జంగమ శబ్దమునకు గల గౌరవము సామాన్యమైనది కాదు. గురువు, లింగము, జంగమము అను మూటిలో జంగమము సంతుష్టి చెందినచో తక్కిన రెండును సంతుష్టి చెందునని బసవేశ్వరుని బోధ. కదలక నిలిచియుండునది స్థావరము. నడచుచు, పలుకుచు, ఆకలిగొని భక్తుని వాకిటికి వచ్చునది జంగమము. అయినను తెలుగునాట పల్లెవీధిలో ఈ శబ్దమునకు వేరొక అర్థము స్థిరపడినది. భుజముపై తంబుర, వెంట గుమ్మెటలు వాయించు ఇద్దరు, ఊరి వెలుపల గుడారము. జంగాలు వచ్చినారని పిల్లలు పరుగెత్తుదురు. పెద్దలు మాత్రము గడపలోనుండియే "చేయి ఖాళీ లేదు, పై యింటికి పో" అందురు. గ్రంథములో పూజ్యమైన పేరు గడపయొద్ద భిక్షుకుని పేరైనది.

కథ చెప్పి జీవించువాడు యాచకుడా, కాయకము చేయువాడా? దీనికి సమాధానము వెదకుటకు ముందు అతడు చేయు పని యెట్టిదో తెలిసికొనవలెను.

జంగము కథ నేటి బుర్రకథకు మాతృక. దీనిని తందాన కథయనియు, గుమ్మెట కథయనియు, తంబుర కథయనియు ఆయా ప్రాంతములలో పిలుతురు. గుమ్మెటయనగా మట్టితో చేసి ఒక మూతికి తోలు బిగించిన వాద్యము. కథకుడు నడుమ నిలుచును. తంబుర మీటుచు, బొటనవ్రేలికి తొడిగిన అందెను చేతిలోని రెండవ అందెతో తాకించుచు, తాళమునకు అడుగు వేయుచు కథ నడుపును. ఇరుప్రక్కల నుండు వంతలు గుమ్మెటలు వాయించుచు పల్లవి నందుకొందురు. పూర్వపు జంగము కథలలో ఈ వంతలు తరచుగా కథకుని యింటి స్త్రీలే. కనుక ఇది ఒక్క మనుష్యుని విద్య కాదు. ఒక కుటుంబపు పని.

వినువారికి వంత యనునది అలంకారముగా తోచును. పని చేయువానికి అది ఊపిరి. చరణము ముగించి వంత పల్లవి నందుకొనిన ఆ కొద్ది క్షణములలో కథకుడు శ్వాస తీసికొనును, తరువాతి చరణమును మనస్సులో కూర్చుకొనును, సభలో ఎవరెవరు నిద్రకు తూగుచున్నారో చూచును. తూగువారు ఎక్కువైనచో ప్రక్కవానికి కనుసైగ చేయును. అతడొక వెఱ్ఱి ప్రశ్న వేయును, జనము నవ్వుదురు, కథ మరల సాగును. ఆ నవ్వు వెనుక ఎంత లెక్క యున్నదో నవ్వినవారికి తెలియదు.

కథకుని చేతిలో పుస్తకము లేదు. బాలనాగమ్మ కథ, కాంభోజరాజు కథ, 1757లో జరిగిన యుద్ధమును చెప్పు బొబ్బిలి కథ ఒక్కొక్కటి కొన్ని రాత్రులు సాగగలవు. ఇన్ని కథలను అక్షరము తప్పకుండ వల్లించుట అతని పద్ధతి కాదు. అతని మనస్సులో నుండునది కథయొక్క ఎముకల గూడు. వీరుడు బయలుదేరుట, అడవి, శోకము, యుద్ధము, నగరవర్ణనము వంటి ఘట్టములకు తగిన పలుకుబళ్లును, వరుసలును సిద్ధముగా నుండును. ఆనాటి సభను చూచి ఆ గూటికి మాంసము పట్టించును. స్త్రీలు ఎక్కువగా కూర్చున్న చోట బాలనాగమ్మ దుఃఖము పెరుగును. పిల్లలున్న చోట మాయల మరాఠీ మాయలు పెరుగును. దీనిని చదువురాని వాని విద్యయని చులకన చేయువారు ఒక్క రాత్రి ఆ పని చేయుటకు ప్రయత్నింపవలెను.

నేర్పు బాల్యముననే ఆరంభమగును. మొదట వంత వెంట గొంతు కలుపుట, పిమ్మట గుమ్మెట, ఆపైన తండ్రి గొంతు అలసిన జామున కొన్ని చరణములు చెప్పుట. పాఠశాల యనునది లేదు. తప్పు చెప్పినచో జనము లేచిపోవుటయే పరీక్ష. వాద్యమునకు గూడ సేవ కావలెను. రాత్రి మంచు తోలును మెత్తబరచును. నిప్పుసెగ చూపి బిగువు తెచ్చుకొనవలెను. పంటలు ఇండ్లకు చేరిన తరువాత, సంక్రాంతి మొదలు ఎండకాలము వరకు, చేతినిండ పని. వానలు పడినచో ఆరుబయట కథ లేదు, కథ లేనిచో గింజ లేదు.

ఇక ప్రతిఫలము సంగతి. ప్రశ్న యంతయు ఇచ్చటనే యున్నది.

మాయల మరాఠీ ప్రాణము సముద్రముల కవతల చిలుకలో నున్నదని తెలిసి బాలవర్ధిరాజు బయలుదేరుచుండగా తంబుర ఆగును. పళ్లెము సభలో తిరుగును. ఇచ్చినవారి పేరును, వారి బిడ్డల పేర్లును పలికి కథకుడు దీవించును. అక్కడ వచ్చునది కొంత. మిగిలినదానికై మరునాటి ఉదయము ఇంటింటికి వెళ్లవలెను. చాటెడు గింజలో, పాత పంచెయో, ఏమియు లేక ఒక కసురో లభించును. రాత్రి కన్నీరు కార్చి కథ వినిన గృహస్థుడే ఉదయము చేయి ఖాళీ లేదనును. అతడు దుర్మార్గుడు కాడు. పని జరిగిన వేళ వేరు, కూలి అడిగిన వేళ వేరు. రాత్రి దీపము వెలుగులో కథకుడుగా కనబడినవాడు ప్రొద్దుటి యెండలో జోలె పట్టిన మనిషిగా కనబడినాడు. అంతియే భేదము.

కుమ్మరికి, చాకలికి, వడ్రంగికి కళ్లములో మేర కొలిచి యిచ్చుట పల్లెల ఆచారము. వారును ఏడాది పొడవున పని చేసి ఒకనాడు చేట పట్టి నిలిచినవారే. వారిని ఎవరును భిక్షుకులనలేదు. కుండ ఇంటిలో కనబడుచుండును, నాగలి పొలములో కనబడుచుండును. కథ మాత్రము వినినవాని మనస్సులోనికి పోయి కనబడకుండ పోవును. కనబడని సరకు తయారు చేయుటయే కథకుని దురదృష్టము.

పన్నెండవ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులు ఈ చిక్కును ఎరుగుదురు. శ్రమించి ఆర్జించుట కాయకము. తన అవసరమునకు మించినది సమాజమునకు అర్పించుట దాసోహము. గురువైనను, జంగముడైనను కాయకమునుండి మినహాయింపు పొందడని ఆయ్దక్కి మారయ్య భావించెను. ఆయన చేసిన పని ఏమి? నేలపై రాలిన బియ్యపు గింజలు ఏరుకొనుట. పై చూపునకు అది యాచనకంటె తక్కువ పని. శరణులు దానిని కాయకమనిరి. ఒకనాడు మారయ్య ఎన్నడును లేనంత ఎక్కువ బియ్యము తేగా, ఆ దినమునకు చాలినంత ఉంచి మిగిలినది తిరిగి యిచ్చి రమ్మని భార్య లక్కమ్మ ఆయనను వెనుకకు పంపినది. ఆశ పుట్టిన చోట కాయకము చెడునని ఆమె తలంపు. ఈ దృష్టితో చూచినచో కాయకమునకును యాచనకును గల సరిహద్దు చేతిలోని పాత్రను బట్టి ఏర్పడదు. ముందు శ్రమ యున్నదా, పుచ్చుకొనుటలో మితి యున్నదా అని చూడవలెను.

ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము గూడ కలదు. బహురూపి చౌడయ్య వేషములు కట్టి జీవించిన శరణుడు. ఢక్కెయ బొమ్మణ్ణ ఢక్కె వాయించినాడు. నగెయ మారితందె కాయకము జనమును నవ్వించుట! వీరు పని ముగించుకొని వచ్చి భక్తులైనవారు కారు. ఆ పనితోనే శరణులైరి, వచనములు చెప్పిరి. కిన్నర బ్రహ్మయ్య త్రిపురాంతకుని యెదుట కిన్నెర మీటి ఆర్జించిన దానితో జంగమార్చన చేసెను. తీగవాద్యము పట్టిన చేయియే దాసోహము చేసిన చేయి. వేషగాడు, వాద్యగాడు, నవ్వించువాడు శరణులుగా గుర్తింపబడిన సంప్రదాయములో కథకునకు మాత్రము చోటు లేదనుట పొసగదు.

తెలుగునాట ఈ సంప్రదాయము కథా రూపముననే వ్యాపించినది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమునకు ద్విపదను ఎన్నుకొనుటకు కారణము అది జనులు పాడుకొనుటకు అనువైన ఛందస్సగుటయే. ఆయన పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణములో శివరాత్రినాడు శ్రీశైలమున జరుగు ఆటపాటల వర్ణన విస్తారముగా నున్నది. ఓరుగంటిలో భక్తులు గుమిగూడి బసవపురాణము వినుచుండగా ప్రతాపరుద్రుడు చూచి అదేమని అడిగెననియు, అది ద్విపదలో కల్పించినదనియు, ప్రమాణము కాదనియు ఒకడు తేలికచేసి చెప్పెననియు పిడుపర్తి సోమనాథుడు తన పద్య బసవపురాణములో ఒక ఐతిహ్యము చెప్పినాడు. జనులు చెవితో విని ఆనందించు దానిని తక్కువ చేయు బుద్ధి నిన్న నేడు పుట్టినది కాదు.

ఆ బుద్ధి చట్టములలోనికిని ప్రాకినది. బొంబాయి రాష్ట్రము 1959లో చేసిన భిక్షాటన నిరోధక చట్టము పాడుట, ఆడుట, ప్రదర్శన చేయుట వంటివానిని భిక్షకు నెపములుగా పేర్కొనినది. పాట నెపమట! ఆ చట్టము ఢిల్లీకిని వర్తించెను. అచ్చట భిక్షాటనను నేరముగా పరిగణించు నిబంధనలను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసినది.

పౌరోహిత్యము చేయు జంగమ కుటుంబములు వేరు, ఊరూర తిరుగు బుడగ జంగములు వేరు అని కొందరందురు. లోకవ్యవహారములో అది నిజమే. బేడ బుడగ జంగముల పేరు తెలంగాణ షెడ్యూల్డు కులముల జాబితాలో నున్నది. కాని ఆ వేరుపాటును బసవేశ్వరుని పేరు చెప్పి సమర్థించుట సాధ్యము కాదు. పుట్టుకను బట్టి మనుష్యుని కొలుచుట తప్పని చెప్పిన వానినే దానికి సాక్షిగా పిలుచుట న్యాయము కాదు.

కథకు మాత్రము పుట్టుక అడ్డు రాలేదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి జంగము కథను చేపట్టి కొత్త విషయములతో బుర్రకథగా ఊరూర వినిపించెను. ఆ విద్యలో అగ్రగణ్యుడైన షేక్ నాజర్ (1920–1997) గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద ముస్లిము కుటుంబమున జన్మించినాడు. దూది ఏకు తనవారి వృత్తి పేరునే, "పింజారి" యని, తన ఆత్మకథకు పెట్టుకొనినాడు. 1986లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ యిచ్చినది. జంగముని తంబుర జంగమ కులమున పుట్టనివాని భుజముపై ఎక్కి అంతటి గౌరవము పొందినది. ఆ విద్యను తరతరములుగా కాపాడి యిచ్చిన కుటుంబముల పేర్లు ఏ జాబితాలోను లేవు.

ఇప్పుడు బుర్రకథ దళములు ముందుగానే పారితోషికము మాటలాడుకొనును. పందిరి వేయించినవారు కథ ముగిసిన రాత్రియే పైకము చెల్లింతురు. పని వేళయు, కూలి వేళయు ఒకటైనవి. ఉదయము గడపల యెదుట నిలువవలసిన అవసరము లేదు. అట్లు పిలుచు పందిళ్లు మాత్రము ఏడాదికి కొన్నియే. తక్కిన దినములలో కూలిపనికి పోవు కథకుడు గుమ్మెటను గుడ్డలో చుట్టి చూరుకు వ్రేలాడదీయును. తోలు ఎండి పగులకుండ అప్పుడప్పుడు దింపి చూచుకొనును.