నిజమైన నిధి

విజయపురి సౌత్ రేవునుండి లాంచిలో పయనించినచో నాగార్జునకొండ చేరవచ్చును. నేడు ద్వీపమై కనుపించు ఆ కొండ ప్రక్కన పూర్వమొక లోయ యుండెను. క్రీస్తుశకము 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి అచ్చటనే విలసిల్లెను.

కాలక్రమమున ఆ నగరము పాడువడెను. శిథిలముల క్రింద ధనము కలదని తలచి నిధి వేటగాండ్రు స్తూపములను కుళ్ళగించిరి. కట్టడములు కూలెను, శిల్పములు ముక్కలయ్యెను. దురాశ ఏ దేశమునందైనను ఒక్కటియే. ఈజిప్టు ఎడారిలో రాజసమాధులను దోచినవారిలో, సమాధులను తొలిచిన పనివారును కొందరుండిరి. తమకు కూడుపెట్టిన పనికే వారు ద్రోహము చేసిరి.

1926లో సూరపరాజు వెంకటరామయ్య యను ఉపాధ్యాయుడు ఈ లోయలో ఒక ప్రాచీన స్తంభమును చూచెను. ఆయన దాని మొదట గునపము దింపలేదు, ప్రభుత్వమునకు తెలియజేసెను. తత్ఫలితముగా పురావస్తుశాఖాధికారి లాంగ్‌హర్స్టు 1927 మొదలు 1931 వరకు అచ్చట త్రవ్వకములు జరిపించెను.

మహాచైత్యము పునాది బండిచక్రమువలె నుండెను. నిధి వేటగాండ్రు స్తూపము నడిబొడ్డును త్రవ్వుట వాడుక. ఇచ్చట ధాతువు వెలుపలి గదులలో నొకదానియందు దొరకెను. చిన్న వెండి భరిణ, దానిలో అంతకన్న చిన్న బంగారు భరిణ, అందొక ఎముక తునక! బంగారము కొలదియే. ఆ తునకను బుద్ధధాతువుగా భావించి సారనాథమునందలి మూలగంధకుటీ విహారమున నుంచిరి. ఈ చైత్యమునకు స్తంభములు నిలిపినది చాంతమూల మహారాజు సోదరి చాంతిసిరి యని మనకు చెప్పినది బంగారము కాదు. ఆ స్తంభములపై చెక్కిన అక్షరములు. వేటగాండ్రకు అవి వట్టి రాళ్ళు.

నాగార్జునసాగర నిర్మాణముచే ఆ లోయ మునిగిపోయినది. మునుగకముందు, 1954 మొదలు 1960 వరకు, ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వమున లోయను పరిశోధించి, కొన్ని కట్టడములను కొండపైకిని అనుపునకును తరలించిరి. అంతకుముందే దుండగులు ధ్వంసము చేసినదానిని మాత్రము తిరిగి తెచ్చువారు లేరు.

1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరికినవాడు కలెక్టరుకు వ్రాతమూలముగా తెలుపవలెను. దాచినవాడు తన వాటాను కోల్పోవును, శిక్షకును పాత్రుడగును.

బాలబాలికలారా! పల్నాటి పొలములో నాగలికి పాతబిందెయో, శాసనపు రాయియో తగిలినచో దాచుటయా, తెలుపుటయా యను ప్రశ్న మీకును ఎదురుకావచ్చును. వెంకటరామయ్యగారు చేసిన పని మీ యెదుట నున్నది.