ఉప్పు, బి.పి., పక్షవాతం: ఒక జపాను ఊరి పాఠం

జపాను దేశపు ఉత్తర భాగంలో, అకిత అనే ప్రాంతంలో ఇకావా అనే చిన్న ఊరుంది. ఊరంతా వరి రైతులే. చలికాలమంతా మంచు కురుస్తుంది, కూరగాయలు పండవు. అందుకని ముల్లంగి వంటివి ఉప్పులో ఊరవేసుకొని నెలల తరబడి అన్నంలో తినేవారు. తాగే చారులోనూ ఉప్పు ఎక్కువే. అలా ఆ ప్రాంతంలో మనిషికి రోజుకు 20 గ్రాములకు పైగా ఉప్పు లోపలికి పోయేది. నడివయస్సు రైతులు పక్షవాతంతో పడిపోతుంటే సేద్యం చేసే చేతులే లేకుండా పోయేవి.

1963లో డాక్టర్లు, నర్సులు అక్కడ పని మొదలుపెట్టారు. పెద్దవారందరికీ బి.పి. చూశారు. ఎక్కువున్న వారిని మందులకు పంపారు. నర్సులు ఇళ్లకు వెళ్లి ఉప్పు తగ్గించుకొనే తీరు చెప్పారు. అంతే! పెద్ద యంత్రాలేమీ లేవు. తర్వాతి ఏళ్లలో, ఇంత గట్టిగా పని జరగని పొరుగు ఊరికంటే ఇకావా మగవారిలో పక్షవాతం బాగా తగ్గింది.

మన నందికొట్కూరులో మంచు లేదు గానీ ఊరగాయ జాడీ లేని ఇల్లుందా? పొద్దున సద్దిలోకి ఊరగాయ, మధ్యాహ్నం రొట్టెలోకి కారం, రాత్రి అన్నంలోకి అప్పడం, ఊరమిరపకాయ. ఊరగాయ మానేయమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. రోజూ మూడు పూటలా వద్దు, ఎప్పుడైనా ఒక ముక్క చాలు. అన్నంలో, మజ్జిగలో పైన ఉప్పు చల్లుకోవద్దు. అన్నిటితో కలిపి మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా లోపే ఉండాలి. సైంధవ లవణమైనా ఉప్పే.

"ఎండలో చెమట పోతుంది కదమ్మా, ఉప్పు తినకుంటే ఎట్లా?" అని రైతులు అడుగుతారు. మామూలు పనికి కూరలో ఉన్న ఉప్పు సరిపోతుంది. కావలసింది నీళ్లు.

బి.పి. ఎక్కువున్నా తలనొప్పి రావాలని లేదు, చూపించుకుంటేనే తెలుస్తుంది. 30 ఏళ్లు దాటినవారు ఏడాదికొకసారైనా చూపించుకోండి. మళ్లీ మళ్లీ చూసినా 140/90 లేక అంతకు మించి ఉంటే వైద్యం అవసరం. బి.పి. తగ్గిందని మాత్రలు ఆపేవారే ఎక్కువ. అది తగ్గింది ఆ మాత్రల వల్లే! డాక్టరు చెప్పకుండా ఆపవద్దు.

ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఒక చెయ్యి లేక కాలు పడిపోయినా, మాట తడబడినా నాటుమందు కోసం తిరగవద్దు. నోట్లో ఏమీ పోయవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. జబ్బు ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే.